ఉగ్గుగిన్నె: 14 నెలల వాడకం తర్వాత

మా ఇంట్లో మూడు ఉగ్గుగిన్నెలున్నాయి, అదే, పసిపిల్లలకి పాలు పట్టే, ముందుకి సాగిన మూతి ఉన్న చిన్న గిన్నెలు. అమ్మమ్మ కాలం నాటి వెండిది, మందుల షాపులో కొన్న స్టీలుది, మరిగే నీళ్లలో వేస్తే మూతి వంకరపోయిన ప్లాస్టిక్‌ది. పాపకి ఇప్పుడు 14 నెలలు. మొన్న జ్వరం వస్తే మందు కూడా స్టీలు గిన్నెతోనే పట్టాను. చిన్న పిల్లల సామాన్లలో దేన్నీ ఇన్నాళ్లు వాడలేదు కాబట్టి దీని గురించి నాలుగు ముక్కలు రాద్దామనిపించింది. మెచ్చుకోవడానికే రాయడం లేదు, తిట్టుకున్న రాత్రులు కూడా చాలానే ఉన్నాయి.

పురిటికి కాకినాడలో పుట్టింటికి వచ్చి నాలుగు రోజులైంది, తెచ్చుకున్న సూట్‌కేసు ఇంకా సర్దనే లేదు. 35 వారాలకే పుట్టేసింది. 2.1 కిలోలు. రొమ్ముకి పట్టిస్తే నాలుగు గుక్కలు చీకి ఐదో గుక్కకి నిద్ర. అరికాలు గిల్లినా, చెవి నిమిరినా, తడిగుడ్డతో మొహం తుడిచినా లేచేది కాదు. చీకడం, మింగడం, ఊపిరి తీసుకోవడం ఈ మూడూ ఒక వరసలో కుదరడం 34 వారాల దగ్గర మొదలవుతుందట. అంటే మా పాపకి పని తెలుసు, చేసే ఓపిక లేదు. మూడో రోజుకి కామెర్లు వచ్చి లైటు కింద పెట్టారు. దాంతో మరీ మగత. అయిదో రోజు తూకం 1.93. పుట్టాక పిల్లలు కొంత తగ్గడం మామూలేనని డాక్టరుగారు అన్నారు గానీ, ఆ అంకె చూశాక నాకు ఆయన మాటలు చెవికెక్కలేదు.

అప్పటికే ఒక రాత్రి నర్సరీలో నన్ను అడక్కుండా డబ్బా పాలు కలిపి సీసాతో పట్టేశారు. పొద్దున్న ఆయా చెబితే తెలిసింది. పాలు ధారగా వచ్చేస్తే మింగలేక పాప రంగు మారిందని కూడా ఆవిడే చెప్పింది. ఆ ఆసుపత్రి పేరు ఇక్కడ రాయను, ఆ కోపం వేరు. డబ్బా పాలు విషమేమీ కాదు, అవసరమైతే పట్టాలి. హైదరాబాద్ నిలోఫర్‌లో ఉన్నట్టు తల్లిపాల బ్యాంకు దగ్గర్లో ఉంటే అదీ ఒక దారి. కానీ పక్క గదిలో నేనుండగా ఒక్క మాట అడగొచ్చు కదా.

ఆ మధ్యాహ్నం డ్యూటీకి వచ్చిన సిస్టర్ నాకు గిన్నె పట్టడం నేర్పింది. ఆవిడ చెయ్యి ఇప్పటికీ కళ్లముందుంది. పాపని పాత చీర ముక్కలో చేతులు లోపలికి పెట్టి బిగించి చుట్టింది. ఒళ్లో దాదాపు కూర్చోబెట్టినట్టు నిటారుగా పెట్టుకుని, మెడ వెనక అరచెయ్యి ఆనించింది. గిన్నెలో సగానికి కాస్త పైదాకా పాలు. గిన్నె మూతిని నోట్లోకి పెట్టలేదు, కింది పెదవి మీద ఒక మూలగా ఆనించింది. పాలు పెదవికి తగిలేంతవరకే వంచి ఆగింది. ఒక క్షణం ఏమీ లేదు. తర్వాత పాప నాలుక బయటికొచ్చి, పిల్లిపిల్లలా ఆ చుక్కని లాక్కుంది. గొంతు కదిలింది. మళ్లీ నాలుక.

"చూశావా, నువ్వు పొయ్యకమ్మా, అందించు. కావాల్సినంత అదే తీసుకుంటుంది" అంది. నోరు మూసినా, మొహం తిప్పినా ఆపెయ్యమంది. ఆ రోజు 12 మి.లీ. తాగడానికి ఇరవై నిమిషాలు పట్టింది. అంతకన్నా సాగదీయొద్దంది, అలసిపోతే తాగిన పాల బలమంతా తాగడానికే సరిపోతుందట.

ఇంటికొచ్చాక అసలు గొడవ మొదలైంది. గిన్నె మా ఇంటికి కొత్తది కాదు, మా అమ్మా మావయ్యలూ ఆ వెండి గిన్నెతో పెరిగినవాళ్లే. అమ్మమ్మ కాళ్లు చాపుకుని కూర్చుని, పాపని కాళ్ల మీద వెల్లకిలా పడుకోబెట్టి, బుగ్గలు రెండు వేళ్లతో నొక్కి, గిన్నె మూతి నాలుక మీద పెట్టి వంచబోయింది. నేను గబుక్కున చెయ్యి పట్టుకున్నాను. "ఒసేయ్ పిచ్చిదానా, ఏడుగుర్ని ఈ కాళ్ల మీదే పెంచాను" అంది. నిజమే, పెంచింది. పాలు పొలమారి ఆయాసపడ్డ పిల్లల కథలు కూడా ఆవిడే చెప్పేది, కాకపోతే వాటిని దిష్టి ఖాతాలో వేసేది.

వాదించే ఓపిక లేక ఒక పని చేశాను. మంచం మీద వెల్లకిలా పడుకుని, నా నోట్లో గ్లాసుతో మంచినీళ్లు పొయ్యమన్నాను అమ్మని. రెండో గుక్కకే పొలమారి లేచి కూర్చున్నాను, కుట్లు లాగి ప్రాణం పోయినంత పనైంది. అమ్మమ్మ ఏమీ మాట్లాడలేదు. సాయంత్రం మాత్రం పాపని నిటారుగా పట్టుకుని "ఇలాగేనా?" అని అడిగింది. ఆముదం చుక్క, వస, తేనె విషయాల్లో మాత్రం చివరిదాకా పోరు తప్పలేదు. ఆరు నెలలదాకా పాలు, డాక్టరు రాసిన చుక్కల మందులు తప్ప ఏమీ వద్దన్నారు, తేనె అయితే ఏడాది నిండేదాకా అసలొద్దన్నారు. తేనె సీసా పూజగదిలోకి మార్చేశాను.

ఇక దీని ఖరీదు సంగతి. గిన్నె వెల వంద రూపాయల లోపే. అసలు ఖర్చు టైమూ నిద్రా. రెండో వారంలో రోజుకి దాదాపు 300 మి.లీ. లెక్క చెప్పారు, కిలోకి 150 చొప్పున. రెండు గంటలకోసారి అంటే పన్నెండు సార్లు, తడవకి 25. మా స్టీలు గిన్నెలో నిండా పోస్తే 10 పడుతుంది, సిరంజితో కొలిచి చూశాను. అంటే తడవకి రెండున్నర గిన్నెలు. ముందు పది నిమిషాలు రొమ్ముకి, తర్వాత గిన్నె, తర్వాత భుజాన వేసుకుని తేన్పు, తర్వాత వచ్చే తడవకి పాలు పిండుకోవడం, ఆపైన గిన్నె కడిగి మరగబెట్టడం. ఒక ఆట పూర్తయ్యేసరికి గంట పైన. ఇంకో గంటలోపు మళ్లీ మొదలు. పక్కన ఇంకో మనిషి లేకుండా ఇది సాగదు. రాత్రి రెండు గంటల ఆట మా అమ్మది, నాలుగు గంటలది మా ఆయనది. నాన్న గిన్నెలు మరగబెట్టే డిపార్ట్‌మెంటు.

ఒలకడం దీని రెండో పెద్ద లోపం. మా ఆయనకి ప్రతిదీ కొలిచే జబ్బు. పాప గడ్డం కింద పెట్టే గుడ్డని ముందోసారి, తాగాక ఒకసారి వంటింటి కాటా మీద తూచేవాడు. మొదటి వారం 25 పోస్తే 6, 7 గ్రాములు గుడ్డలోకే. అరగంట కూర్చుని పిండుకున్న పాలలో పావు వంతు చీర ముక్క తాగేస్తే కడుపు రగులుతుంది. చెయ్యి తిరిగాక 2 గ్రాములకి దిగింది. అందుకని కాగితం మీద రాసుకునే లెక్కలో ఒలికింది తీసేసి రాయాలి, లేకపోతే "ఇంత తాగుతోంది, బరువు ఎందుకు పెరగడం లేదు" అని బుర్ర పగలగొట్టుకుంటారు. మేం రెండు వారాలు అదే చేశాం.

నిజానికి లెక్కలకన్నా గట్టిది తడి బట్టల లెక్క. మొదటి వారం దాటాక రోజుకి ఆరుసార్లకి తక్కువ కాకుండా ఉచ్చ పోస్తుంటే పాలు సరిపోతున్నట్టే. పోయడం తగ్గినా, ఒళ్లు చల్లబడినా, జ్వరం తగిలినా, ఆకుపచ్చగా కక్కినా, పిలిచినా కదలకుండా పాలు అసలే ముట్టకపోయినా గిన్నె పక్కన పడేసి ఆసుపత్రికి పరిగెత్తమన్నారు. మాకు ఒకసారి రాత్రి పదకొండింటికి అలా వెళ్లాల్సి వచ్చింది. ఏమీ లేదని పంపేశారు, వెళ్లినందుకు ఎవరూ నవ్వలేదు.

మూడింటిలో ఏది మంచిది అంటారా? వెండిది ఫొటోలకి. బారసాలనాడు దాంతోనే పట్టాం. దాని మూతి అతికిన చోట సన్నటి గీత ఉంది, అందులో పాలు పట్టి ఎండితే బ్రష్షు కూడా దూరదు. అంచు పల్చగా ఉండి పెదవికి గుచ్చుకుంటుంది కూడా. స్టీలుది ఒకే రేకుతో సాగదీసి చేసింది, అతుకుల్లేవు, అంచు మడిచి ఉంది, ఎన్నిసార్లు మరగబెట్టినా చెక్కుచెదరలేదు. ప్లాస్టిక్‌దాని మీద మి.లీ. గీతలుండటం బాగుంది, ఆ ఒక్కటే బాగుంది. నొక్కితే పాలు చిమ్మే సిలికాన్ చెంచా కూడా ఎవరో ఇచ్చారు. నొక్కేది మనం కాబట్టి అది మళ్లీ పొయ్యడమే, సిస్టర్ చెప్పినదానికి సరిగ్గా వ్యతిరేకం.

పాలు పిండుకునే పంపు గురించి ఒక్క ముక్క. మొదటి మూడు నాలుగు రోజులు ముర్రుపాలు పంపులో రావు, గొట్టానికి అంటుకుపోతాయి. చేత్తో పిండి చుక్క చుక్క నేరుగా గిన్నెలోకి పట్టుకోవడమే మేలు. పాలు దిగాక పంపు పనికొచ్చింది. కాకినాడ ఎండల్లో పిండిన పాలు బయట ఎక్కువసేపు ఉంచే ధైర్యం చెయ్యలేదు, ఫ్రిజ్‌లో పెట్టి 24 గంటల్లో వాడేశాం. పొయ్యి మీద వెచ్చబెట్టకూడదు, వేడినీళ్ల గిన్నెలో పెట్టి చలి విరిస్తే చాలు. చనుమొనకి తొడిగే సిలికాన్ తొడుగు మూడు రోజులు వాడి వదిలేశాను. కొందరికి పనిచేస్తుందట.

నా మట్టుకు నాకు గిన్నెలో నచ్చిన గుణం ఇది: పాప దానికి అలవాటు పడలేదు. అందులో చీకేదేమీ లేదు, మెత్తని పీక లేదు, సుఖం లేదు. తాగడం అయ్యాక రవికె విప్పి గుండెల మీద వేసుకుంటే మళ్లీ నా వైపే వెతుక్కునేది. డాక్టరుగారు మొదటినుంచీ ఒకటే మాట, డేటు దాటనివ్వండి, దానంతటదే పడుతుందని. 40 వారాల లెక్క నిండాక చీకే గుక్కలు నాలుగు పది అయ్యాయి, పది ఇరవై అయ్యాయి. 52వ రోజు రాత్రి అమ్మ గిన్నె మరగబెట్టి తెచ్చేసరికి పాప రొమ్ము వదల్లేదు. ఆ రాత్రి గిన్నె అలాగే మూత కింద ఉండిపోయింది. తర్వాతా వారం రోజులు పొద్దుటిపూట ఒకటి రెండుసార్లు పట్టాల్సి వచ్చింది లెండి, సినిమాలోలా ఒక్క రాత్రితో ఏదీ మారదు. సీసా పట్టిన పిల్లలందరూ రొమ్ము మానేస్తారని కాదు. మా అక్క కొడుకు రెండూ శుభ్రంగా తాగాడు. నా అనుభవం నాది.

ప్రసూతి సెలవు 26 వారాలు. కొన్ని ముందే వాడేశాను కాబట్టి పాపకి అయిదున్నర నెలలప్పుడు హైదరాబాద్‌లో మళ్లీ బ్యాంకులో చేరాను. అప్పుడు గిన్నె మళ్లీ కిందికి దిగింది. పగలు అమ్మ నా పాలు దాంతోనే పట్టేది. కానీ అయిదున్నర నెలల పిల్ల వేరు. చెయ్యి విసిరితే గిన్నె గోడకి. అమ్మ చీరల మీద పాల మరకలు చూసి నాకే జాలేసి చిన్న స్టీలు కప్పుకి మారిపోయాం. ఆరో నెల దాటాక బియ్యం, పెసరపప్పు వేయించి పొడి కొట్టి ఉగ్గు కాచాం. ఉగ్గుగిన్నెలో ఉగ్గు పోస్తే మూతి దగ్గరే అడ్డం పడి దిగలేదు. పేరు చూసి మోసపోకండి, ఇది పాలకీ మందులకీ తప్ప పనికిరాదు.

నెలలు నిండి పుట్టి, గట్టిగా పట్టి తాగే పిల్లలున్నవాళ్లకి ఇది అక్కర్లేదు. ముందుగా పుట్టి అలిసిపోయే పిల్లలకి, రొమ్ము పట్టని మొదటి వారాలకి, ఇంట్లో చెయ్యి సాయం ఉన్నవాళ్లకి మాత్రం కళ్లు మూసుకుని కొనమంటాను. ఒంటరిగా చేసుకోవాల్సిన తల్లి అయితే నేను గిన్నెకోసం పట్టుబట్టను, ఆ రాత్రులు నాకు తెలుసు. ఎవరైనా సరే మొదటిసారి నర్సు ముందు కూర్చుని పట్టి చూపించుకోవాలి. వీడియో చూసి నేర్చుకునే పని కాదిది.

మన దేశంలో 1992 చట్టం ప్రకారం పాలసీసాలకీ డబ్బా పాలకీ ప్రకటనలు ఇవ్వకూడదు. అయినా ఏ షాపుకెళ్లినా కళ్లెదురుగా ఉండేవి అవే. మా నాన్న కాకినాడలో మందుల షాపులో ఉగ్గుగిన్నె అడిగితే "వెండి కొట్లో చూడండి" అన్నారట. రెండో షాపులో సిస్టర్ రాసిచ్చిన చీటీ చూపించి "పాలడై" (ఉగ్గుగిన్నెకి ఆసుపత్రుల్లో వాడే పేరు) అంటే అట్టడుగు అరలోంచి దుమ్ము దులిపి తీసిచ్చారు. కొనేటప్పుడు గిన్నె మూతి అంచు మీద చిటికెన వేలు ఒకసారి నడిపి చూడండి. గీసుకుంటే ఇంకోటి తీయమనండి.