సైకిల్ డయాగ్రమ్‌లో నాకు పనికొచ్చింది ఆ చివరి బాణమే

నెలనెలా తిరిగే పనులను స్లైడ్ల మీద చూపించడానికి సైకిల్ డయాగ్రమ్, అంటే స్టెప్పులను గుండ్రంగా పేర్చి బాణాలతో కలిపే బొమ్మ, వాడటం మొదలుపెట్టి ఏళ్లయింది. ఏ మెనూలో ఉంటుందో, ఎలా పెట్టాలో అందరికీ తెలిసిందే కాబట్టి అది వదిలేస్తాను. నీడలు, త్రీడీ హంగులు నాకు పట్టవు. ఆ బొమ్మలో నాకు నిజంగా నచ్చింది చివరి స్టెప్ నుంచి మొదటి స్టెప్‌కి తిరిగొచ్చే బాణం. మిగతా బాణాలన్నీ వరుసగా పేర్చిన డబ్బాల మధ్యా ఉంటాయి. ఇదొక్కటే గుండ్రంగా గీస్తే తప్ప కనిపించదు.

దాని విలువ తెలిసింది నెలాఖరు అకౌంట్ల క్లోజింగ్ మీద జరిగిన ఒక మీటింగ్‌లో. స్టెప్పులు మామూలువే: ఎంట్రీలు వేయడం, బ్యాంకు స్టేట్‌మెంట్‌తో సరిచూడటం, సర్దుబాటు ఎంట్రీలు, రిపోర్టు, రివ్యూ. అంతకుముందు ఇవే ఎడమ నుంచి కుడికి ఐదు డబ్బాలుగా ఉండేవి. కుడి అంచున ఉన్న రివ్యూ డబ్బా దగ్గరికి రాగానే అందరూ ఫోన్లు తీసేవాళ్లు. పని అయిపోయినట్టే మరి. ఆసారి ఆ ఐదింటినీ గుండ్రంగా పేర్చాను. ఎంట్రీలు వేసే టీంలో ఒకావిడ కాసేపు చూసి, "రివ్యూ నుంచి మా దగ్గరికి బాణం వేశారు కదండీ, అక్కణ్నుంచి మాకు వచ్చేదేంటి?" అని అడిగారు.

ఎవరూ జవాబు చెప్పలేకపోయారు. ఎందుకంటే వచ్చేది ఏమీ లేదు. రివ్యూలో దొరికిన తప్పును అక్కడికక్కడే ఒక ఎంట్రీతో సరిచేసి, నెల మూసేస్తున్నారు. ఉదాహరణ అప్పుడే బయటపడింది. ఆలస్యంగా వచ్చే ఒక సర్వీసు బిల్లుకి ముందే అంచనా వేసి ప్రొవిజన్ పెడతారు. అది ప్రతినెలా దానంతటదే పడేలా ఒక టెంప్లేట్ ఉంది. ఆ ఖర్చు భరించే విభాగం ఎప్పుడో మారింది, టెంప్లేట్‌లో కాస్ట్ సెంటర్ (ఖర్చు ఏ విభాగం కింద పడాలో చెప్పే కోడ్) మాత్రం మారలేదు. దాంతో ప్రతినెలా తప్పు విభాగం కింద పడటం, ప్రతినెలా రివ్యూలో దొరకడం, ప్రతినెలా సరిచేయడం. రివ్యూ చేసేవాళ్లకి తాము తప్పు పట్టుకుంటున్నామని సంతృప్తి. ఎంట్రీలు వేసేవాళ్లకి అసలు తప్పుందనే తెలియదు. టెంప్లేట్ అక్కడే తెరిచి మార్చేశారు. సరిచేసిన ఎంట్రీల జాబితా కొత్త నెల పని మొదలయ్యేలోపు ఎంట్రీల టీంకి చేరాలని కూడా అనుకున్నారు. బాణం పక్కన "దిద్దుబాట్ల జాబితా" అని రాశాను. ఆ స్లైడ్‌లో పనికొచ్చిన మాటలంటే అవే.

ఇదేం కొత్త సంగతి కాదు. నాణ్యతా నియంత్రణకు గణాంకాల పునాది వేసిన వాల్టర్ షూహార్ట్ 1939లోనే స్పెసిఫికేషన్ (వస్తువు ఎలా ఉండాలో ముందే రాసుకోవడం), ఉత్పత్తి, తనిఖీ అనే మూడింటినీ సరళరేఖలో కాకుండా వలయంగా చూడాలన్నాడు. తనిఖీలో తెలిసింది తిరిగి స్పెసిఫికేషన్‌కి చేరాలి. అందరూ స్లైడ్లలో వేసే పీడీసీఏ (ప్లాన్, డూ, చెక్, యాక్ట్) చక్రం వంశం కూడా ఇదే. అమెరికన్ గణాంక నిపుణుడు డెమింగ్ ఆ ఆలోచనను 1950లో జపాన్‌లో చెప్పాక అక్కడ ఈ రూపం తీసుకుంది. షూహార్ట్ మాటల్లో ఇంకో మెలిక ఉంది: మార్చాల్సింది ఏమీ దొరకని ఆదర్శ స్థితే పూర్తి వలయం, అప్పటిదాకా అది దానికి దగ్గరవుతూ పోయే స్పైరల్. ఆ లెక్కన మనం స్లైడ్లలో ఆదర్శ స్థితినే గీసి, ఇదే మా పని అంటున్నాం.

ఆ మీటింగ్ ఘనతంతా బొమ్మకే ఇవ్వలేను. ఆ రోజు గదిలో పని చేసేవాళ్లే కూర్చున్నారు. అదే స్లైడ్ తర్వాత మేనేజ్‌మెంట్‌కి చూపిస్తే "బాగుంది, నెక్స్ట్" అన్నారు.

పైగా రెడీమేడ్ లేఅవుట్‌లో ఆ బాణం అడక్కుండానే వచ్చేస్తుంది. నిజంగా తిరిగేది ఏమైనా ఉందా అన్నది దానికి అనవసరం. నియామకాల ప్రక్రియను గుండ్రంగా వేసిన స్లైడ్లు ఎన్నో చూశాను. ఉద్యోగంలో చేరినవాడు మళ్లీ దరఖాస్తు పెట్టడు కదా! కస్టమర్ ఫిర్యాదులను అలా గీస్తే అవి ఎన్నటికీ పరిష్కారం కానట్టు కనిపిస్తాయి. అందుకే ఇప్పుడు చివరి బాణం మీద ఏదో ఒక వస్తువు పేరు, అంటే ఫైలో జాబితానో అంకెనో, రాయగలిగితేనే సైకిల్ వేస్తున్నాను. లేకపోతే వరుస డబ్బాలే.

సమయం సంగతి దీనితో తేలదు. నాలుగు రోజులు పట్టే సరిచూపు, అరపూటలో అయ్యే రిపోర్టు ఒకే సైజులో కూర్చుంటాయి. సమయాన్ని బట్టి ముక్కల సైజు మార్చి చూశాను, జనం దాన్ని డోనట్ చార్ట్ అనుకుని శాతాలు అడిగారు. ఐదారు స్టెప్పులు దాటితే ఎడమ వైపు మాటలను కింది నుంచి పైకి చదవాల్సి వస్తుంది, అక్షరాలూ చిన్నవైపోతాయి. మధ్యలోని ఖాళీలో చాలామంది లోగో పెడతారు. నేను "నెలకోసారి" అని రాస్తాను, లోగో కంటే అది నయం.

చివరి బాణాన్ని ఆఖరి క్లిక్‌కి విడిగా రప్పించడం నాకు ఇష్టం. దానికోసం పవర్‌పాయింట్ రెడీమేడ్‌గా ఇచ్చే స్మార్ట్‌ఆర్ట్ బొమ్మను మామూలు షేప్స్‌గా మార్చి, గ్రూప్ విడదీస్తాను. ఆ తర్వాత ఒక స్టెప్ చేర్చాలంటే అన్నీ చేత్తోనే జరుపుకోవాలి, కాబట్టి స్టెప్పులు ఖాయమయ్యేదాకా ఆ పని ముట్టుకోను.

నాది పదిమంది లోపు మనుషులతో, మాట్లాడుతూ చూపించే పని. అందుకే నాకు ఇది కలిసొచ్చింది. మీ స్లైడ్లు మెయిల్‌లో వెళ్లి ఎవరో విడిగా చదువుకునేవైతే, ఎవరు, ఏ తేదీకి, ఎవరికి ఇవ్వాలో రాసిన టేబుల్ పెట్టి, సైకిల్ బొమ్మను ఒక మూల చిన్నగా ఉంచడమే మంచిదనిపిస్తోంది.