రోసెటా 2, ప్రిజమ్: పాత ఇంటెల్ సాఫ్ట్‌వేర్‌కి ఏది నయం?

ఇంటెల్ చిప్‌ల కోసం రాసిన ప్రోగ్రాములు, వేరే ఆదేశాల భాషతో పనిచేసే ఆర్మ్ ప్రాసెసర్‌కి నేరుగా అర్థం కావు. మధ్యలో తర్జుమా కావాలి. మ్యాక్‌లో 2020 నుంచి ఆ పని రోసెటా 2ది. ఆర్మ్ చిప్ ఉన్న విండోస్ ల్యాప్‌టాప్‌లకు విండోస్ 11 24హెచ్2 అనే వెర్షన్‌తో ప్రిజమ్ వచ్చింది.

రోసెటా ప్రోగ్రామ్‌లో చాలా భాగాన్ని ముందే ఆర్మ్ కోడ్‌గా మార్చి దాచుకుంటుంది. అందుకే మొదటిసారి డాక్‌లో (మ్యాక్ తెరపై ఐకాన్ల వరుసలో) ఐకాన్ కాసేపు ఎగురుతూనే ఉంటుంది, రెండోసారి టక్కున తెరుచుకుంటుంది. అసలు బలం మాత్రం చిప్‌లోనే ఉంది. ప్రోగ్రామ్ మెమరీలో రాసే విలువలు ఇంటెల్ చిప్‌లో కనబడే వరుసలోనే కనబడేలా ఆపిల్ అందులో ప్రత్యేక ఏర్పాటు పెట్టింది. అది లేకపోతే ఆ వరుసను సాఫ్ట్‌వేరే అదనపు ఆదేశాలతో కాపాడాలి, వేగం పడిపోతుంది. ఎంత ముందుచూపో!

ప్రిజమ్ ప్రోగ్రామ్ నడుస్తుండగానే ముక్కలు ముక్కలుగా మారుస్తుంది. కానీ 32-బిట్ పాత ప్రోగ్రాములనూ నడుపుతుంది. రోసెటా నడిపేది 64-బిట్ ప్రోగ్రాములనే.

డ్రైవర్ల (పరికరాలను కంప్యూటర్‌తో పనిచేయించే సాఫ్ట్‌వేర్) దగ్గర రెండూ చేతులెత్తేస్తాయి. డాంగిల్ (లైసెన్స్ తాళంలా పనిచేసే చిన్న పరికరం) పెడితేనే తెరుచుకునే డీటీపీ సాఫ్ట్‌వేర్ ఉంటే, ఆ డాంగిల్‌కి ఆర్మ్ డ్రైవర్ ఉందో లేదో కొనేముందే కనుక్కోండి.

వేగంలో నా ఓటు రోసెటాకే. అయితే మ్యాక్‌ఓఎస్ 27 తర్వాత అది కొన్ని పాత గేమ్‌లకే పరిమితమని ఆపిల్ 2025లో చెప్పేసింది. ఏళ్ల తరబడి వాడాల్సిన ప్రోగ్రామ్ అయితే నేను ప్రిజమ్‌నే నమ్ముకుంటాను.