పేపర్ మారియోనా, మారియో అండ్ లుయీజీనా? ఒక్కటే కొనాలంటే ఏది మేలు?

మా అక్క కూతురు ఏడో తరగతి చదువుతోంది. సంక్రాంతికి గాజువాక నుంచి పెదవాల్తేరులో మా ఇంటికి వచ్చి, పండగ డబ్బులు మంచం మీద పరిచి లెక్క పెట్టుకుని, "మావయ్యా, మారియోలో నవ్వించే ఆటలు ఉన్నాయట కదా, కథ ఉండి వంతులవారీగా కొట్టుకునేవి, వాటిలో ఒక్కటే కొనాలంటే ఏది కొనను?" అని అడిగింది. మా బావ షిప్‌లో పనిచేస్తాడు, కిందటిసారి సింగపూర్ నుంచి నింటెండో స్విచ్ గేమ్ మెషిన్ తెచ్చాడు, డబ్బులు తక్కువపడితే తను కలుపుతానని కూడా అన్నాడు. ఈ ఆటలు నేను ఇరవై ఏళ్ళుగా ఆడుతున్నాను. అయినా వెంటనే జవాబు రాలేదు, ఎందుకంటే నాకు నచ్చింది వేరు, తనకి పనికొచ్చేది వేరు కావచ్చని అప్పుడే తట్టింది. నాలుగు రోజులు ఆలోచించి తనకి చెప్పిందే ఇక్కడ రాస్తున్నాను.

మారియో అంటే మనలో చాలామందికి టీవీకి తగిలించే గేమ్ డబ్బా, పసుపు రంగు క్యాసెట్, పరిగెత్తడం, ఎగిరి దూకడం, అంతే. 1985 నాటి ఆ ఆటలో మారియో ఏమీ మాట్లాడడు, మాట్లాడాల్సిన అవసరమూ లేదు. 1996లో స్క్వేర్ కంపెనీ నింటెండోతో కలిసి సూపర్ మారియో ఆర్‌పీజీ చేసింది. ఆర్‌పీజీ అంటే ఊళ్ళు తిరగడం, మనుషుల్ని కలవడం, నువ్వో దెబ్బ నేనో దెబ్బ అన్నట్టు పోరాటాలు, గెలిచే కొద్దీ బలం పెరగడం. అయితే దెబ్బ తగిలే క్షణానికి సరిగ్గా బటన్ నొక్కితే దెబ్బ గట్టిగా పడుతుంది, కాబట్టి పాత మారియోలోని ఆ టైమింగ్ సరదా పోలేదు. దాని తర్వాత దారి రెండుగా చీలింది. 2000లో మొదలైన పేపర్ మారియో ఒకటి, 2003లో మొదలైన మారియో అండ్ లుయీజీ ఇంకొకటి. లుయీజీ అంటే మారియో తమ్ముడు.

ఇప్పుడు స్విచ్ ఉన్నవాళ్ళకి నా లెక్కలో పోటీ మూడింటి మధ్యే. పేపర్ మారియో: ద థౌజండ్ ఇయర్ డోర్, ఇది 2004 ఆట, 2024 మే నెలలో కొత్త బొమ్మలతో మళ్ళీ వచ్చింది. మారియో అండ్ లుయీజీ: సూపర్‌స్టార్ సాగా, 2003లో చేతిలో పట్టుకుని ఆడే గేమ్‌బాయ్ అడ్వాన్స్ కోసం ఆల్ఫాడ్రీమ్ కంపెనీ చేసింది, స్విచ్ ఆన్‌లైన్ ఎక్స్‌పాన్షన్ ప్యాక్ చందా కడితే ఆడుకోవచ్చు. మూడోది మారియో అండ్ లుయీజీ: బ్రదర్‌షిప్, 2024 నవంబర్‌లో వచ్చింది. మొదటిదీ మూడోదీ అమెరికా ధరలో 59.99 డాలర్లు, చందా ఒక మనిషికి ఏడాదికి 49.99 డాలర్లు, కట్టడం ఆపితే ఆట కూడా ఆగిపోతుంది.

నన్ను అడిగితే వీటిని తూచాల్సింది బొమ్మల అందంతోనో ఎన్ని గంటలు నడుస్తుందన్న లెక్కతోనో కాదు. నవ్వు ఎక్కడ నుంచి వస్తోందో చూడాలి. ఈ మూడూ కామెడీ కోసమే ఆడతాం కదా.

థౌజండ్ ఇయర్ డోర్ చూసిన ప్రతిసారీ నాకు తోలుబొమ్మలాట గుర్తొస్తుంది. మనుషులు పల్చగా కాగితం ముక్కల్లా ఉంటారు, పక్కకి తిరిగితే గీతలా కనిపిస్తారు. పోరాటం ఒక స్టేజీ మీద జరుగుతుంది, ఎదురుగా ప్రేక్షకులు కూర్చుని ఉంటారు, మనం పేరు తెచ్చుకునే కొద్దీ వాళ్ళ సంఖ్య 200 దాకా పెరుగుతుంది. మనం దెబ్బ బాగా కొట్టి, కొట్టాక గాల్లో ఒక విన్యాసం చేస్తే చప్పట్లు కొడతారు, ఆ చప్పట్ల వల్లే మనకి ప్రత్యేక శక్తి నిండుతుంది. ఒక్కోసారి వస్తువులు మన మీదకి విసురుతారు, కొన్ని పనికొచ్చేవి, కొన్ని రాళ్ళు. కేతిగాడూ బంగారక్కా అసలు కథ ఆపి మరీ జనంతో మాట్లాడినట్టే ఈ ఆట కూడా మనం చూస్తున్నామని తెలిసి నడుస్తుంది. గూంబెల్లా అని ఒక తోడు ఉంటుంది, చదువుకున్న పిల్ల, ఎవరి పక్కన నిలబడి బటన్ నొక్కినా వాళ్ళ గురించి ఏదో ఒకటి చెబుతుంది, దారిన పోయేవాడిని కూడా వదలదు. నేను కథ పక్కన పెట్టి కేవలం ఆ వ్యాఖ్యల కోసం ఆటలోని రోగ్‌పోర్ట్ అనే ఊరి వీధుల్లో అందరి దగ్గరా ఆగాను.

దీనిలో నాలుగో అధ్యాయం గురించి కాస్త ఎక్కువ చెప్పాలి. డూప్లిస్ అనేవాడు మారియో శరీరాన్నీ పేరునీ దొంగిలిస్తాడు. మన తోడుగా ఉన్నవాళ్ళంతా ఆ దొంగ మారియో వెంట వెళ్ళిపోతారు, మనం ఒక నల్లటి నీడగా మిగులుతాం, ఎవరూ గుర్తుపట్టరు. వాడి అసలు పేరు చెబితే గానీ వాడిని ఓడించే దారి దొరకదు. ఆ పేరు టైప్ చేద్దామని చూస్తే అక్షరాల వరసలో పి అనే ఇంగ్లీషు అక్షరమే ఉండదు! దాన్ని కూడా వాడే దాచేశాడు, ముందు వెళ్ళి ఆ అక్షరాన్ని వెతికి తెచ్చుకోవాలి. ఆ సమయంలో మనం ఎవరో తెలియకుండానే వివియన్ అనే అమ్మాయి సాయానికి వస్తుంది, ఆమె అక్కల చేత ఎప్పుడూ తిట్లు తినే మనిషి. 2004 ఇంగ్లీషు ఆటలో వివియన్ ట్రాన్స్ అమ్మాయి అన్న సంగతి తీసేశారు, కొత్తదానిలో తిరిగి పెట్టారు, తను తన నోటితోనే చెప్పుకుంటుంది. నవ్వించే ఆటలో నాకు గొంతు పట్టేసిన చోటు అదే, అందుకే ఈ ఆట మీద నాకంత ప్రేమ.

లుయీజీ కూడా ఉంటాడు ఇందులో, కానీ ఊళ్ళో కూర్చుని తన వేరే సాహసయాత్ర గురించి కథలు కథలుగా చెబుతాడు. తను హీరో అన్నట్టే ఉంటుంది ప్రతి మాటా. ఆయన పక్కనున్న తోడుని విడిగా పలకరిస్తే అసలేం జరిగిందో బయటపడుతుంది. ఇది తప్పకుండా చేయండి, చాలామంది ఆయన చెప్పింది విని వెళ్ళిపోతారు.

లోపాలూ ఉన్నాయి. వెళ్ళిన దారిలోనే మళ్ళీ మళ్ళీ నడవాలి, నేను మెచ్చుకున్న ఆ నాలుగో అధ్యాయంలోనే అది బాగా విసిగిస్తుంది. కొత్త ఆటలో రోగ్‌పోర్ట్ కింద అడ్డదారి గొట్టాల గది పెట్టారు, దానివల్ల కొంత నయం. అసలు ఇబ్బంది వేరే, ఈ ఆట నవ్వంతా ఇంగ్లీషు మాటల్లో ఉంది. పాఠ్యపుస్తకం ఇంగ్లీషు చదవగలిగితే చాలదు, మాటల విరుపు, ఒకడి యాస, ఇంకొకడి గొప్పలు, ఇవన్నీ చెవికి తెలియాలి. నా మేనకోడలు మొదటి గంటలోనే డైలాగులు గబగబా నొక్కేసి దాటించడం చూశాను. అలా దాటిస్తే ఈ ఆటలో సగం పోయినట్టే.

సూపర్‌స్టార్ సాగా దగ్గర నేను పక్షపాతం లేకుండా మాట్లాడలేను, కారణం చెబుతాను. మా చిన్నాన్న దుబాయ్ నుంచి తెచ్చిన గేమ్‌బాయ్ అడ్వాన్స్ ఒకటి మా బీరువాలో ఏళ్ళ తరబడి పడి ఉంది. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుఫాను వచ్చింది. మా వీధికి ఎనిమిదో రోజు గానీ కరెంటు రాలేదు, ఫోన్లు చచ్చిపోయాయి, బయట ఎక్కడ చూసినా పడిపోయిన చెట్లే. ఆ గేమ్‌బాయ్ రెండు పెన్సిల్ సెల్స్ మీద నడుస్తుంది. దాని స్క్రీన్‌కి లోపల లైటు ఉండదు, అందుకని పగలు కిటికీ పక్కన కూర్చుని నేనూ తమ్ముడూ ఆడేవాళ్ళం. డబ్బా నా చేతిలో, ఏ బటన్ నాది, పక్క నుంచి వేలు చాపి బి బటన్ వాడిది. ఈ ఆటలో ఏ నొక్కితే మారియో, బి నొక్కితే లుయీజీ. నిజానికి ఇది ఒక్కరు ఆడే ఆట, కానీ శత్రువు ఎవరి మీదకి వస్తున్నాడో చూసి వాళ్ళ బటన్ సరిగ్గా నొక్కితే ఎగిరి తప్పించుకోవచ్చు, కుదిరితే తిరిగి కొట్టొచ్చు. కాబట్టి ఇద్దరు పంచుకుంటే ఎవరి ప్రాణం వాళ్ళ వేలిలోనే ఉంటుంది. "నీదే, నీదే, నొక్కరా!" అని ఎంత అరిచామో. ఇద్దరూ కలిసి చేసే బ్రదర్స్ దెబ్బలు ఉంటాయి, ఒకరి వెంట ఒకరు సరిగ్గా నొక్కాలి, మేం అవి నేర్చుకునేసరికి ఆ వారం గడిచిపోయింది.

ఇక్కడ నవ్వు శరీరంతో వస్తుంది. అన్నదమ్ములిద్దరూ అర్థంలేని ఇటాలియన్ గొణుగుడు తప్ప మాట్లాడరు, చేతులు ఊపుతూ కథంతా అభినయించి చెబుతారు. మారియో సుత్తితో కొడితే లుయీజీ నేలలో దిగబడి మట్టి కింద నడుస్తాడు, లుయీజీ కొడితే మారియో పొట్టివాడైపోయి చిన్న సందుల్లో దూరతాడు. ఆ తర్వాత దారులు వెతకడానికి అవే పనికొస్తాయి. పీచ్ యువరాణి గొంతుని కాకెలెట్టా అనే మంత్రగత్తె ఎత్తుకుపోతుంది, ఆ తర్వాత యువరాణి నోట వచ్చే ప్రతి మాటా బాంబై పేలుతుంది. పెద్ద విలన్ బౌజర్ జ్ఞాపకం పోగొట్టుకుని పాపుల్ అనే దొంగ దగ్గర చేతికింద పనివాడిగా చేరతాడు. మారియోకి జబ్బు చేస్తే మందు కోసం పిరికివాడైన లుయీజీ ఒక్కడే బయల్దేరాల్సి వస్తుంది. ఇవేవీ ఇంగ్లీషు వచ్చినవాళ్ళకే అర్థమయ్యేవి కావు. మా అమ్మ కూరగాయలు తరుక్కుంటూ చూసి, "ఆ పచ్చచొక్కా వాడు ఎందుకలా వణుకుతున్నాడు, అన్న ఉన్నాడుగా పక్కన?" అని అడిగింది. ఒక్క డైలాగు చదవకుండా లుయీజీ ఎలాంటివాడో అమ్మకి తెలిసిపోయింది.

ఇంకొక సంగతి తెలుగువాళ్ళకి కచ్చితంగా నచ్చుతుంది. పాత్ర బలం, రక్షణ, వేగం లాగే ఇందులో మీసానికి కూడా ఒక అంకె ఉంటుంది, స్థాయి పెరిగినప్పుడు దాన్నీ పెంచుకోవచ్చు. మీసం ఎంత పెరిగితే అదృష్టపు దెబ్బలు అంత ఎక్కువ పడతాయి, దుకాణాల్లో ధరలు కూడా తగ్గుతాయి. తమ్ముడు లుయీజీకి మీసం తప్ప ఇంకేమీ పెంచలేదు.

థౌజండ్ ఇయర్ డోర్‌తో పోలిస్తే ఇది లోతు తక్కువ ఆట, ఒప్పుకుంటాను. అక్కడ బ్యాడ్జీలు పెట్టుకుని మన పద్ధతిలో మారియోని తయారు చేసుకోవచ్చు. అంకెలు కూడా చిన్నవి, మొదట్లో మన ప్రాణం 10 మాత్రమే, కాబట్టి ఒక్క పాయింటు దెబ్బకి కూడా విలువ ఉంటుంది, ప్రతి వంతూ లెక్క వేసి ఆడతాం. సాగాలో అంత ఆలోచన అక్కర్లేదు, చేతి టైమింగ్ ఉంటే గట్టెక్కేస్తాం.

బ్రదర్‌షిప్ సంగతి. ఆల్ఫాడ్రీమ్ 2019లో దివాలా తీసింది, ఇక ఈ అన్నదమ్ముల ఆట రాదనే అనుకున్నాను. 2015 తర్వాత కొత్త ఆట 2024లోనే వచ్చింది, ఈసారి అక్వైర్ అనే కంపెనీ చేసింది. బొమ్మలు మూడింటిలోకీ అందంగా ఉన్నాయి, పోరాటాల్లో అన్నదమ్ముల కదలికలు చూడటానికే ఆనందంగా ఉంది. కానీ బయట తిరిగేటప్పుడు లుయీజీ చాలావరకు తనంతట తనే వెనక వచ్చేస్తాడు, బి బటన్ పంచుకోవడానికి అక్కడ పనేమీ ఉండదు, మాకు ఆటంటే అదే కదా. పైగా చాలా పొడుగు, నాకు 40 గంటలు దాటింది, మధ్యలో ఒకేరకం పోరాటాలతో బాగా సాగింది. అయినా ఒక మాట చెప్పాలి. ఇందులో లోకం ముక్కలై దీవులుగా సముద్రంలో తేలిపోతుంటుంది, మనం ఓడలాంటి దీవి మీద తిరుగుతూ ఒక్కో దీవి లైట్‌హౌస్‌ని వెతికి తిరిగి కలపాలి, అప్పుడు అక్కడికి శక్తి పారుతుంది. మొదటి దీవి కలిసినప్పుడు నాకు హుద్‌హుద్ ఎనిమిదో రోజు సాయంత్రం వీధంతా ఒక్కసారి "కరెంటొచ్చింది" అని అరిచిన అరుపు వినిపించింది. విశాఖలో డాల్ఫిన్స్ నోస్ కొండ మీద లైట్‌హౌస్ చూస్తూ పెరిగినవాళ్ళకి ఆ దృశ్యం ఇంకాస్త లోపలికి వెళుతుంది. అలాగని దాన్ని మొదటి ఆటగా కొనమని మాత్రం చెప్పను.

ఇక తేల్చాలి. ఇంగ్లీషు నవలలు హాయిగా చదివేవాళ్ళు, ఒంటరిగా ఆడేవాళ్ళు, ఇంకేమీ ఆలోచించకుండా థౌజండ్ ఇయర్ డోర్ కొనండి. ఆటగా మూడింటిలోకీ అదే మేలు, ఇందులో నాకు సందేహం లేదు. ఇంట్లో చిన్నపిల్లలుంటే, పక్కన కూర్చుని చూసేవాళ్ళుంటే, అన్నదమ్ములో అక్కచెల్లెళ్ళో ఉంటే సూపర్‌స్టార్ సాగా. ఈ రెండూ అయ్యాక కూడా ఆకలి తీరకపోతే బ్రదర్‌షిప్.

మేనకోడలికి సాగా చెప్పాను. ఒక ఏడాది చందా కట్టి, మిగిలిన డబ్బు దాచుకుని, పదో తరగతి నాటికి పేపర్ మారియో కొనుక్కోమన్నాను. మొన్న ఆదివారం ఆర్కే బీచ్‌లో మురీ మిక్స్చర్ తింటూ, తన తమ్ముడు బి బటన్ ఎప్పుడూ ఆలస్యంగానే నొక్కుతున్నాడని నాకు ఫిర్యాదు చేసింది. వాడికి ఆరేళ్ళు, చదవడం ఇంకా కూడబలుక్కుంటున్నాడు. "నేను లుయీజీని కదా మావయ్యా, భయమేస్తుంది" అన్నాడు.