స్వీడన్ జాతీయ ఆర్కైవ్స్ ఆన్‌లైన్ సేవ: మోర్మన్‌గా మారి వలసపోయిన పేదరాలి జాడ దొరుకుతుందా?

1850లో స్వీడన్‌కు మోర్మన్ ప్రచారకులు వచ్చారు. మోర్మన్లంటే అమెరికాలో పుట్టిన ఒక క్రైస్తవ శాఖవాళ్లు. ఆ ప్రచారకుల మాట నమ్మి, అమెరికాలో మోర్మన్లు స్థిరపడిన యూటా దారి పట్టిన కూలి ఆడవాళ్లలో చాలామంది ఒక్క ఉత్తరం కూడా మిగల్చలేదు. వాళ్ల బతుకు రాసిపెట్టింది వాళ్లు వద్దనుకుని వెళ్లిన లూథరన్ చర్చే. ఆ చర్చి పుస్తకాలను రిక్స్‌ఆర్కివెట్, అంటే స్వీడన్ జాతీయ ఆర్కైవ్స్, స్కాన్ చేసి ఆన్‌లైన్‌లో పెట్టింది. 2018 నుంచి అన్నీ ఉచితం.

ఉచితమే గానీ సులువు కాదు. 1880, 1890, 1900, 1910 జనాభా లెక్కల్లో పేరుతో వెతకొచ్చు. 1850లలో వెళ్లిపోయినామె వాటిలో ఎలాగూ ఉండదు. చర్చి పుస్తకాల్లో చాలావాటికి పేర్ల సూచికే లేదు, పారిష్ (ఒక చర్చి కిందికి వచ్చే ఊళ్లు) పేరు తెలిస్తేనే తలుపు తెరుచుకుంటుంది. అది తెలియకుండా దిగితే రోజులు వృథా. కాబట్టి మొదలుపెట్టాల్సింది యూటా వైపు నుంచి. బ్రిగమ్ యంగ్ యూనివర్సిటీ వాళ్ల ఓడ ప్రయాణికుల డేటాబేసు, వంశవృక్షాల వెబ్‌సైటు ఫ్యామిలీసెర్చ్‌లో ఉన్న స్థానిక మోర్మన్ సంఘాల రిజిస్టర్లు ముందు చూడాలి. టికెట్టుకు అప్పు చేసి వెళ్లినామె అయితే ఇంకో దారి ఉంది. 1849లో మోర్మన్లు పెట్టిన వలస నిధికి బాకీ పడ్డవాళ్ల పేర్లు 1877లో అచ్చయ్యాయి.

పారిష్ దొరికాక అసలు సరుకు ఏ1 వరుసలో ఉంటుంది. పాస్టరు ఇంటింటికీ మతపరీక్ష పెట్టి రాసుకున్న పుస్తకాలివి. ఒక్కోటి సాధారణంగా ఐదు నుంచి పదేళ్లు నడుస్తుంది. పేరు, పుట్టిన తేదీ, ఊరు, ఎక్కడినుంచి వచ్చింది, ఎక్కడికి పోయింది, చదవడం వచ్చా, లూథర్ ప్రశ్నోత్తరాలు ఎంతవరకు వచ్చు, ప్రభు సంస్కారానికి (చర్చిలో రొట్టె, ద్రాక్షారసం పంచే ఆచారానికి) ఏయే తేదీల్లో వచ్చింది, అన్నిటికీ గళ్లుంటాయి. చూడాల్సింది ఆ చివరి గడి. ఏటా క్రమంగా పడుతున్న తేదీలు ఒక సంవత్సరం ఆగిపోయి, పక్కన మార్జిన్‌లో ‘మోర్మన్’ అని రాసి ఉంటే ఇక వేరే ఆధారం అక్కర్లేదు. మార్జిన్ ఖాళీగా ఉంటే మాత్రం తొందరపడకూడదు, మంచాన పడ్డవాళ్ల గడి కూడా అలాగే ఉంటుంది.

పొలాల్లో పనిచేసే ‘పీగా’, అంటే పనిమనిషి, యజమానిని మార్చేది అక్టోబరు చివర్లో. అందుకే ఒకే పుస్తకంలో ఆమె మూడు నాలుగు ఇళ్ల కింద కనిపిస్తుంది, ప్రతిచోటా పేరు కొట్టేసి ఉంటుంది. కొట్టేశారంటే తప్పు రాశారని కాదు, వెళ్లిపోయిందనో చనిపోయిందనో అర్థం. పక్కనున్న పేజీ నంబరు పట్టుకుని తర్వాతి ఇంటికి వెళ్లాలి. పారిష్ దాటితే బీ వరుసలోని వలస రిజిస్టరు చూడాలి.

తేదీల దగ్గర తప్పటడుగు వేయనివాళ్లు తక్కువ. 12/3 అంటే మార్చి 12. ‘8బిఆర్’ అంటే ఆగస్టు కాదు, అక్టోబరు; లాటిన్‌లో ఎనిమిదికి ఆక్టో అంటారు కదా, అది. పేర్ల సూచికలో ఓసా (Åsa) లాంటి పేర్లు A కింద, మొదట్లో వెతికి లేవనుకుంటారు. స్వీడిష్‌లో నెత్తిన సున్నా, చుక్కలు ఉన్న అచ్చులు అక్షరమాల చివర వస్తాయి. ఒకే మనిషి ఒక పుస్తకంలో కాయ్‌సా, ఇంకోదాంట్లో కాతరీనా. పెళ్లయినా తండ్రి పేరుకు ‘డాటర్’ చేర్చిన పేరే ఉంటుంది. అమెరికాలో దిగాక అది పోయి భర్త ఇంటిపేరు వస్తుంది, చాలా వెతుకులాటలు అక్కడే తెగిపోతాయి.

రేవు పట్టణం గోథెన్‌బర్గ్ పోలీసుల ప్రయాణికుల జాబితా మీద ఆశ పెట్టుకోవద్దు, అది మొదలైందే 1869లో. పైగా స్వీడన్‌లో పాస్టరు లేని ప్రార్థన కూటాలను నిషేధించిన 1726 నాటి చట్టం 1858 దాకా నడిచింది. డెన్మార్క్‌కు 1849 రాజ్యాంగంతోనే మతస్వేచ్ఛ వచ్చింది. అందుకే డెన్మార్క్‌కు ఎదురుగా ఉన్న దక్షిణ స్వీడన్ స్కోనే ప్రాంతం వాళ్లు జలసంధి దాటి కోపెన్‌హాగన్ మీదుగా ఇంగ్లండ్‌కు, అక్కడ లివర్‌పూల్‌లో ఓడ ఎక్కడానికి వెళ్లేవాళ్లు. వలస రిజిస్టరులో ‘డెన్మార్క్’ అని మాత్రమే ఉన్నా వదిలేయకూడదు.

ఇక బొమ్మల నాణ్యత. చాలావరకు పాత మైక్రోఫిల్మ్ నుంచి తీసిన నలుపు తెలుపు స్కాన్లు. పెన్సిల్‌తో రాసిన మార్జిన్ మాటలు, మనకు కావాల్సినవి అవే, బూడిద రంగులో కలిసిపోతాయి. ఆర్కివ్‌డిజిటల్ అనే చందా సేవలో అవే పేజీలు రంగుల్లో ఉంటాయి. పని మొత్తం ఉచిత సేవలో పూర్తిచేసుకుని, చదవలేకపోయిన పేజీల పట్టీ రాసుకుని, ఆ కొద్దిరోజులకే చందా కట్టడం మేలు. పట్టీలో పారిష్, పుస్తకం నంబరు, పేజీ నంబరు రాసుకోవాలి. స్కాన్ నంబరు రాసుకుంటే పనికిరాదు, అది ఒక్కో సేవలో ఒక్కోలా ఉంటుంది.