పాత మాస్సీ 1035 స్టీరింగ్: రాడ్లు మార్చి, అలైన్‌మెంట్ పెట్టుకున్నాక ఇన్నేళ్ల వాడకం

ఉత్తరాంధ్రలోని రాజాం చుట్టుపక్కల ఊళ్లలో పాత మాస్సీ ఫెర్గూసన్ 1035 ట్రాక్టర్ బండ్లు ఇంకా చాలానే దమ్ము చేస్తున్నాయి. మాదీ వాటిలో ఒకటి, పవర్ స్టీరింగ్ లేనిది. దీని స్టీరింగ్ రాడ్లు, వాటి చివర తిరిగే బాల్ జాయింట్లు అన్నీ మార్చి, అలైన్‌మెంట్ (ముందు చక్రాలు తిన్నగా ఉండేలా సరిచేయడం) ఇంటి దగ్గరే పెట్టుకుని ఏళ్లయింది. ఉభాల్లో (వరి నాట్లప్పుడు) దమ్ము, కోతలయ్యాక మొక్కజొన్న దుక్కి, సంకిలి ఫ్యాక్టరీకి చెరకు ట్రాలీ, ఇవన్నీ చేయించాక రాస్తున్నాను.

చాలా బండ్లకు ముందు చక్రాలు రెండింటినీ కలుపుతూ అడ్డంగా టై రాడ్డు ఉంటుంది. దీనికి ఉండదు. స్టీరింగ్ బాక్సుకు (స్టీరింగ్ కింది గేర్ల పెట్టె) అటొకటి ఇటొకటి ఆర్మ్‌లు, వాటి నుంచి చెరో చక్రానికి డ్రాగ్ లింక్ అనే ఒక రాడ్డు. స్టీరింగ్ తిప్పితే ఒక ఆర్మ్ ముందుకు, ఇంకోటి వెనక్కి పోతాయి. 1956లో ఇంగ్లండ్‌లోని కోవెంట్రీలో తయారీ మొదలైన ఫెర్గూసన్ 35 నుంచి వచ్చిన పద్ధతి ఇది. సాళ్ల కోసం ముందు చక్రాలు వెడల్పు చేసినా రాడ్ల జోలికి పోనక్కర్లేదు. నేను చేశాక కొలిచి కూడా చూశాను, తేడా రాలేదు. నాకు ఈ బండిలో బాగా నచ్చింది ఇదే.

కానీ సెట్టింగు దగ్గర ఓపిక కావాలి. బండి వంకరగా పోతుంటే ఒక్క పక్క రాడ్డు సరిచేసి, స్టీరింగ్ చక్రం ఊడదీసి తిన్నగా బిగించేసే మెకానిక్‌లు ఉన్నారు. అలా చేస్తే చక్రాలు తిన్నగా ఉన్నప్పుడు బాక్సులో గేరు మధ్యలో ఉండదు, బండి ఒక పక్కకు బాగా తిరిగి ఇంకో పక్కకు తిరగదు. గట్టు మూల దగ్గర ఆ బాధ తెలుస్తుంది.

ముందు కింగ్ పిన్ (ముందు చక్రం పక్కలకు తిరిగే నిలువు పిన్ను) బుష్‌లు చూడాలి. జాకీ మీద లేపి చక్రం పైనా కిందా పట్టుకుని ఊపితే ఆట (వదులు) ఉంటే, ముందు అది బాగుచేయించాలి. లేకపోతే ఎన్ని కొలతలు తీసినా దండగే. తర్వాత రాడ్లు విప్పి స్టీరింగ్‌ను ఒక చివర నుంచి రెండో చివరకు తిప్పి, ఎన్ని చుట్లో లెక్కపెట్టి, సరిగ్గా సగంలో ఆపి పెయింటు గుర్తు పెట్టాలి. అక్కడి నుంచి కదలనివ్వకుండా కుడి చక్రం తిన్నగా పెట్టి ఆ రాడ్డు పొడవు సరిచేయాలి, ఆపైన ఎడమది.

కొలత సిమెంటు కళ్లంలో తీస్తాను. రిమ్ముల లోపలి అంచున, ఇరుసు ఎత్తులో, ముందు వైపు సుద్దతో గుర్తు పెట్టి మధ్య దూరం కొలుస్తాను. బండిని ముందుకు తోసి అవే గుర్తులు వెనక్కి వచ్చాక మళ్లీ కొలుస్తాను. రిమ్ము వంకర ఉన్నా ఇలా కొలిస్తే లెక్క తప్పదు. చక్రాల ముందు వైపు దూరం వెనక వైపు కన్నా 3 మిల్లీమీటర్లు తక్కువ ఉండేలా పెట్టాను. టైర్లు ఒక అంచున అరిగిపోవడం ఆగింది, లోడు ట్రాలీతో రోడ్డెక్కినా టెన్షన్ లేదు. నిలబెట్టి తిప్పడం మాత్రం బరువే, కొంచెం కదిలిస్తూ తిప్పాలి.

చవక జాయింట్లు కొనకండి. ముందు వేసిన డూప్లికేట్ సెట్టు రబ్బరు బూట్లు దమ్ములోనే చిరిగి, బురద దూరి, సీజను దాటలేదు. గ్రీజు నిప్పిల్ (గ్రీజు ఎక్కించే మొన) ఉన్నవే తీసుకోండి. దమ్ము రోజుల్లో సాయంత్రం బండి కడిగాక, బురద కలిసిన పాత గ్రీజంతా బయటికొచ్చి శుభ్రమైనది కనిపించేదాకా కొట్టాలి. నట్టు ఊడకుండా పెట్టే స్ప్లిట్ పిన్ను బదులు తీగ చుట్టొద్దు, ప్రాణాలతో పని.

ఇప్పుడు కుడి పక్క ముందు జాయింటుకు కాస్త ఆట మొదలైంది. సంక్రాంతి అయ్యాక అది మార్చి, రెండు పక్కలా మళ్లీ కొలత తీస్తాను.