జోనింగ్ నిబంధనల్లో ‘కుటుంబం’: ఏ నిర్వచనం మేలు?

అమెరికాలో ఎమ్మెస్ చదవడానికి వెళ్లిన మన పిల్లలు నలుగురైదుగురు కలిసి ఒక ఇల్లు అద్దెకు తీసుకోవడం మామూలే. ఆ ఇల్లు ‘ఒక్క కుటుంబం మాత్రమే’ ఉండవలసిన జోన్‌లో ఉంటే, వారు అక్కడ ఉండవచ్చా కూడదా అన్నది ఆ ఊరి జోనింగ్ నిబంధనల్లోని (ఏ ప్రాంతంలో ఎలాంటి కట్టడాలు, వాడకాలు ఉండవచ్చో చెప్పే నిబంధనలు) నిర్వచనాల అధ్యాయమే తేలుస్తుంది. చాలామంది చదవకుండా దాటేసే అధ్యాయం అది. ‘కుటుంబం’ అనే ఒక్క మాటకు అక్కడ ఏ అర్థం రాశారన్న దాన్నిబట్టి ఒకే ఇల్లు ఒక ఊళ్లో సక్రమం, పక్క ఊళ్లో ఉల్లంఘన అవుతుంది.

మొదటి పద్ధతి బంధుత్వాన్నీ, తలలనూ లెక్కపెడుతుంది. రక్తసంబంధం, పెళ్లి, దత్తత ఉన్నవారు ఎందరైనా ఉండవచ్చు. ఏ బంధుత్వమూ లేనివారు మాత్రం ఫలానా సంఖ్యకు మించకూడదు. న్యూయార్క్ రాష్ట్రంలోని బెల్ టెర్ గ్రామం ఆ సంఖ్యను రెండుగా నిర్ణయించింది. స్టోనీ బ్రూక్ విశ్వవిద్యాలయ విద్యార్థులు ఆరుగురు ఒక ఇంట్లో చేరడంతో వివాదం మొదలై సుప్రీంకోర్టు దాకా వెళ్లగా, 1974లో కోర్టు గ్రామం పక్షానే తీర్పు చెప్పింది. ఈ పద్ధతిలో స్పష్టత ఉందని ఒప్పుకోవాలి. ఎవరైనా లెక్కపెట్టుకోవచ్చు, అధికారి ఇష్టాయిష్టాలకు తావు తక్కువ.

అయితే ఆ స్పష్టతకు చెల్లించవలసిన మూల్యం ఒహాయో రాష్ట్రంలోని ఈస్ట్ క్లీవ్‌లాండ్‌లో కనబడింది. అక్కడి నగరం బంధువుల్లో కూడా కొందరినే కుటుంబంగా గుర్తించింది. ఇనెజ్ మూర్ అనే నాయనమ్మ తన ఒక కొడుకు, అతని బిడ్డతో పాటు, తల్లి చనిపోయిన మరో కొడుకు బిడ్డను కూడా ఇంట్లో పెట్టుకున్నందుకు ఆమెకు 5 రోజుల జైలు, 25 డాలర్ల జరిమానా పడ్డాయి. మన వాడుకలో ఆ పిల్లలిద్దరూ అన్నదమ్ములే. ఆ నిర్వచనం ప్రకారం వారు ఒకే ఇంట ఉండదగినవారు కారు. 1977లో సుప్రీంకోర్టు ఆ నిబంధనను కొట్టివేసింది. బంధుత్వం లేనివారి మీద పరిమితి మాత్రం అలాగే మిగిలింది. దాని ప్రకారం పది కార్లున్న పదిమంది బంధువులకు అడ్డు ఉండదు. ఒకరికొకరు తోడుగా ఉందామనుకున్న ముగ్గురు విశ్రాంత ఉపాధ్యాయినులకు, ఇద్దరికి మించకూడదన్న పరిమితి ఉన్న చోట ఇల్లు దొరకదు. రద్దీ, పార్కింగ్, చప్పుడు తగ్గించడమే ఉద్దేశమైతే బంధుత్వం దానికి కొలబద్ద కాజాలదు.

రెండో పద్ధతి, వారు ఒకే సంసారంగా బతుకుతున్నారా అని చూస్తుంది. న్యూజెర్సీలోని గ్లాస్‌బరోలో పదిమంది కాలేజీ విద్యార్థులు కలిసి వండుకుని తినేవారు, ఉమ్మడి ఖాతా నుంచి బిల్లులు కట్టేవారు, చదువు అయ్యేదాకా కలిసే ఉందామనుకున్నారు. వారిని కుటుంబంగానే గుర్తించవచ్చని ఆ రాష్ట్ర సుప్రీంకోర్టు 1990లో సమర్థించింది. మనుషులు నిజంగా ఎలా బతుకుతున్నారో చూస్తుంది గనుక నాకు ఇది మొదటిదానికంటే న్యాయంగా తోస్తుంది. కాని దీన్ని రుజువు చేయడమే కష్టం: ఫ్రిజ్‌లో ఎవరి అర వారిదేనా, గదులకు విడివిడిగా తాళాలున్నాయా అని అధికారి ఇంట్లోకి తొంగిచూడవలసి వస్తుంది.

మనుషుల సంఖ్యకు ‘కుటుంబం’ అనే మాటతో పని లేకుండా విస్తీర్ణంతో పరిమితి పెట్టడం మూడో పద్ధతి. అనేక నగరాలు స్వీకరించిన, ఇళ్ల నిర్వహణకు సంబంధించిన నమూనా కోడ్‌లో (నిబంధనావళిలో) పడకగది కనీసం 70 చదరపు అడుగులు ఉండాలి, ఒకరికంటే ఎక్కువమంది పడుకుంటే తలా 50 చదరపు అడుగులు రావాలి అన్న లెక్క ఉంది. టేపు పట్టి కొలిస్తే తేలిపోతుంది. ఎవరు ఎవరికి ఏమవుతారని అడగనక్కరలేదు. ఇరుకును ఇది నేరుగా అరికడుతుంది, పార్కింగ్‌కు మాత్రం వేరే నిబంధన రాసుకోవాలి. మూడింటిలో నా మొగ్గు దీనివైపే. ‘ఒకే సంసారం’ అన్న నిర్వచనాన్ని హాస్టళ్ల నుంచీ లాడ్జింగుల నుంచీ ఇంటిని వేరుచేయడానికి మాత్రమే ఉంచుకుంటే చాలు.

చట్టసభలు కొన్ని ఇటువైపే నడిచాయి. బంధుత్వాన్నిబట్టి నివాసితుల సంఖ్యను పరిమితం చేయకుండా అయోవా 2017లో, ఒరెగాన్, వాషింగ్టన్ రాష్ట్రాలు 2021లో, కొలరాడో 2024లో స్థానిక ప్రభుత్వాలను కట్టడి చేశాయి. ఇలాంటి రక్షణ లేని చోట ఇల్లు అద్దెకు తీసుకునే విద్యార్థులూ, అద్దెకివ్వడానికి కొనే మనవాళ్లూ సంతకం చేయకముందే ఆ ఊరి నిబంధనల్లో ‘కుటుంబం’ దగ్గర ఏ సంఖ్య రాసి ఉందో చూసుకోవాలి.