మోకాలి నొప్పికి మాత్రా, జెల్లా?

కనిగిరిలో మా అమ్మ కొంగుముడిలో చిల్లరతో పాటు డైక్లోఫెనాక్ మాత్రలూ ఉండేవి. నొప్పి లేస్తే ఒకటి మింగడమే.

ఖర్చు: మాత్ర చవక. అదే మందు జెల్‌గా కొంటే ఖరీదెక్కువ, గొట్టం ఇట్టే అయిపోతుంది.

శ్రమ: మాత్రకు గుక్కెడు నీళ్లు చాలు. జెల్ రోజుకు మూడు నాలుగుసార్లు రాయాలి, చేతులు కడుక్కోవాలి.

ప్రమాదం: అసలు ఆలోచించాల్సింది ఇక్కడే. ఎక్కువ రోజులు వాడితే మాత్ర కడుపులో పుండ్లు తెస్తుంది, రక్తపోటు పెంచుతుంది, మూత్రపిండాలను దెబ్బతీస్తుంది. మూత్రపిండాల జబ్బు ఎన్నో కుటుంబాలను కుంగదీసిన మా ప్రాంతంలో ఇది చిన్న విషయం కాదు. జెల్ రాసినప్పుడు రక్తంలోకి చేరే మందు, మాత్రతో పోలిస్తే సుమారు 6 శాతమే. ఎక్కువగా కనిపించే ఇబ్బంది చర్మంపై దద్దుర్లే.

మోకాలి కీలు అరుగుదలకు ముందు పూతమందే ఇవ్వాలని బ్రిటన్‌లోని నైస్ సంస్థ 2022 మార్గదర్శకాల్లో చెప్పింది. వ్యాయామం ఎలాగూ తప్పదు.

మోకాళ్లు, చేతివేళ్లు నొప్పైతే జెల్. తుంటి లాంటి లోతైన కీలుకు పైపూత అందదు. అక్కడ డాక్టరు చెప్పిన మాత్ర, చెప్పినన్ని రోజులే. మూత్రపిండాల జబ్బున్నవారు జెల్ కూడా అడిగే వాడాలి. వెన్ను బిగుసుకుపోతుంటే ఫ్లోరోసిస్ (నీటిలో ఫ్లోరైడ్ ఎక్కువై ఎముకలను దెబ్బతీసే జబ్బు) ఉందేమో చూపించుకోండి, తాగే నీటిని పరీక్ష చేయించండి.